స్నూస్ డబ్బా మీద తయారైన తేదీ వేయండి: తయారీదారులకు, దుకాణదారులకు బహిరంగ లేఖ

స్వీడన్‌లో స్నూస్, అంటే పెదవి కింద పెట్టుకునే తడి పొగాకు, తయారుచేసే కంపెనీల వారికి, దాన్ని అమ్మే దుకాణాల వారికి నమస్కారం.

నేను గోథెన్‌బర్గ్‌లో ఉంటున్న తెలుగువాణ్ణి. ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చినప్పుడు సిగరెట్లు తాగేవాణ్ణి. ఇప్పుడు సిగరెట్ లేదు, పై పెదవి కింద మీ పౌచ్, అంటే స్నూస్ నింపిన చిన్న గుడ్డ సంచి, ఉంది. మీ సరుకు క్రమం తప్పకుండా కొనేవాడిగా, దాని నాణ్యత మీద పట్టింపు ఉన్నవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను. దీని స్వీడిష్ ప్రతి మీకు విడిగా పోస్టులో పంపుతున్నాను. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఇక్కడి ఆఫీసుల్లో, యూనివర్సిటీల్లో మీ డబ్బా జేబులో పెట్టుకుని తిరిగే మావాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు కూడా ఈ సంగతులు తెలుసుకోవాలి, నాతో పాటు అడగాలి.

నేను ముఖ్యంగా అడిగేది ఒక్కటే. డబ్బా మీద తయారైన తేదీ వేయండి. ఆ తేదీ నుంచి అది నా చేతికి వచ్చేదాకా చల్లగా ఉంచండి.

మా దేశంలో కిరాణా కొట్టులో బిస్కెట్ ప్యాకెట్ కొన్నా, పాలపొడి కొన్నా, వెనక్కి తిప్పి చూసేది తయారైన తేదీ కోసమే. అది ప్యాకెట్ మీద ఉండి తీరాలని అక్కడ చట్టం. మా అమ్మ ఎక్కువ చదువుకోలేదు. అయినా "ఇది ఎప్పటి సరుకు బాబూ" అని అడగకుండా ఏదీ సంచిలో వేయించుకోదు. ఆ అలవాటుతోనే మీ డబ్బా తిప్పి చూస్తాను. నేను కొనే రకాల మీద కనిపించేది గడువు తేదీ, దాని పక్కన ఒక కోడ్. ఆ కోడ్ చదవడం మీకు తెలుసు, మాకు తెలియదు. పోనీ, గడువు తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి సరుకు వయసు తెలుసుకుందామంటే అదీ కుదరదు. విడి పొడికి ఒక గడువు, నింపాక మళ్లీ తడిపిన పౌచ్‌కి (ఒరిజినల్ పోర్షన్) ఒకటి, అలా తడపని పౌచ్‌కి (వైట్ పోర్షన్) మరొకటి. ఒకే గడువు తేదీ ఉన్న రెండు రకాల డబ్బాలు పక్కపక్కన పెడితే, ఏది నిన్నమొన్నటిదో, ఏది నెలల నాటిదో కొనేవాడు చెప్పలేడు. అది తెలిసింది మీ ఒక్కరికే.

తేడా నిజంగా అంత ఉంటుందా అని వాడనివాళ్లు అడుగుతారు. ఉంటుంది. ఒరిజినల్ పోర్షన్ తాజా డబ్బా మూత తీయగానే ఘాటుగా అమ్మోనియా వాసన ముక్కుకి తగులుతుంది. కొత్తవాళ్లు పాడైపోయిందనుకుని పారేస్తారు. పొగాకుని క్షారగుణానికి తెచ్చినందువల్ల వచ్చే వాసన అది, మూత కాసేపు తీసి ఉంచితే పోతుంది. పౌచ్‌లు ముదురు గోధుమరంగులో, తడికి కాస్త మెరుస్తూ ఉంటాయి. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతాయి. అదే పాత డబ్బాలో, అంచున ఉన్న పౌచ్‌లు ముందు ఎండుతాయి. రంగు వెలిసిపోతుంది, అతుకు దగ్గర గట్టిపడుతుంది, రెండు వేళ్ల మధ్య నలిపితే లోపలి పొడి గరగరలాడుతుంది. దాన్ని తెచ్చి పెదవి కింద పెడితే ముందు నోట్లోని తడిని అదే పీల్చుకుంటుంది. కోరపంటి పైన చిగురుకి ఆనుకున్న చోట అతుకు గీరుకుంటుంది. అది నాని మెత్తబడేదాకా అక్కడ చురుక్కుమంటూనే ఉంటుంది. మరునాడు బ్రష్ చేసేటప్పుడు ఆ చోటు మంట పుడుతుంది.

రుచి తగ్గడం, చిగురు గీరుకోవడం వరకే అయితే ఇంత పొడవు ఉత్తరం రాసేవాణ్ణి కాను. నన్ను కదిలించిన సంగతి ఇంకొకటి ఉంది. మీరు పొగాకులో సోడియం కార్బొనేట్ కలిపి పీహెచ్‌ని, అంటే క్షారగుణం ఎంతో చెప్పే అంకెని, సుమారు 8.5 దాకా తెస్తారు. పీహెచ్ 8 దగ్గర నికోటిన్‌లో దాదాపు సగం చిగురు పొరలోంచి సులువుగా దాటే రూపంలో ఉంటుంది. 8.5 దగ్గర అది ముప్పావు వంతు అవుతుంది. సరుకు నిల్వ ఉన్నకొద్దీ, అందులోనూ వెచ్చటి చోట నిల్వ ఉన్నకొద్దీ, తేమతో పాటు ఈ పీహెచ్ కూడా పడిపోతుంది. మామూలు రకాల్లో గ్రాముకి సుమారు 8 మిల్లీగ్రాముల నికోటిన్ ఉంటుంది. పౌచ్ పాతబడినా డబ్బా మీద ఆ అంకె మారదు, ఒంటికి అందేది మాత్రం తగ్గుతుంది. అలవాటుపడిన మనిషి ఏం చేస్తాడు? సరిపోలేదని తీసేసి ఇంకొకటి పెట్టుకుంటాడు, లేదా మరుసటి వారం 'స్ట్రాంగ్' రకానికి మారతాడు. ఆ తర్వాత తాజా స్ట్రాంగ్ డబ్బా దొరికితే తల తిరిగి, వాంతి వచ్చినంత పనవుతుంది. సరుకు తాజాదనం వాడేవాడి మోతాదుని ఇలా మారుస్తుంది. కాబట్టి అది ఎప్పుడు తయారైందో తెలుసుకునే హక్కు నాకుంది.

గడువు దాటిన స్నూస్ విషమైపోతుందని నేను అనడం లేదు. మీరు పొగాకు పొడిని ఆవిరితో వేడిచేస్తారు కాబట్టి అందులో సూక్ష్మజీవులు చాలావరకు బతకవు. పులియబెట్టిన తడి పొగాకుతో పోలిస్తే ఇది నిల్వలో చాలా నిలకడగా ఉంటుంది. అది మీ గొప్పే, ఒప్పుకుంటాను. అంత శ్రద్ధగా తయారుచేసినదాన్ని ఆఖరి మెట్టులో ఎలా వదిలేస్తున్నారన్నదే నా బాధ.

ఇప్పుడు దుకాణదారులతో. మీలో ఎక్కువమంది కౌంటర్ వెనక చిన్న ఫ్రిజ్ పెట్టి అందులోంచే డబ్బా తీసి ఇస్తారు. చేతిలో పెట్టగానే చల్లగా తగులుతుంది, అక్కడే సగం నమ్మకం కుదురుతుంది. కానీ అందరూ అలా లేరు. నగర శివార్లలో ఒక చిన్న దుకాణంలో డబ్బాలన్నీ కౌంటర్ మీద, సాసేజ్‌లు వేడిచేసే మెషీన్ పక్కన వరసగా పేర్చి ఉన్నాయి. డబ్బా పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. గడువు ఇంకా చాలా ఉంది. ఇంటికొచ్చి తెరిస్తే పై వరస మొత్తం ఎండిపోయి ఉంది. మళ్లీ వెళ్లి అడిగితే ఆ అమ్మే అబ్బాయి తేదీ చూపించి "డేట్ ఉంది కదా" అన్నాడు. అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. గడువు తేదీ ఎంత దూరంలో ఉన్నా, డబ్బా ఎక్కడ ఎంత వేడిలో కూర్చుందో అది చెప్పదు.

చలిదేశం కదా, బయట మంచు కురుస్తుంటే ఫ్రిజ్ ఎందుకని కొందరు అంటారు. డబ్బాలు ఉండేది బయట కాదు, హీటర్లు వేసిన గదుల్లో. ఇక జులైలో ఆన్‌లైన్‌లో పది డబ్బాల రోల్ ఆర్డర్ చేస్తే అది ఎండలో ఉన్న పార్సిల్ లాకర్‌లో, తీసుకునేదాకా, ఇనుప పెట్టెలో పడి ఉంటుంది. వేసవి మూడు నెలలైనా చల్లటి ప్యాకింగ్‌తో పంపండి, లేదా ఫ్రిజ్ ఉన్న దుకాణంలోనే తీసుకునే వీలు కల్పించండి. ముందొచ్చిన డబ్బా ముందు అమ్మండి, ఫ్రిజ్ లేని చోట స్నూస్ పెట్టకండి. ఫ్రిజ్ ఇవ్వగలిగేది, ఇవ్వాల్సింది కంపెనీలే. పక్కన కూల్‌డ్రింకుల కంపెనీలు ప్రతి చిన్న కొట్టుకీ ఫ్రిజ్ ఇస్తున్నప్పుడు మీకు అది భారం కాదు.

మళ్లీ కంపెనీల వారికి. మీ ఎట్టాన్ బ్రాండ్ 1822 నాటిది, జెనరల్ 1866 నాటిది. అంత పాత వ్యాపారంలో పౌచ్ వచ్చింది మాత్రం 1970ల్లో. అంతకుముందు అందరూ విడి పొడిని వేళ్లతో ఉండ చేసి పెట్టుకునేవాళ్లే. ఇప్పటికీ పెద్దవాళ్లు కొందరు అలాగే పెట్టుకుంటారు. పౌచ్ వచ్చాక వేళ్లకు మరక లేదు, పళ్ల మధ్య పొడి లేదు, ఆఫీసులో పక్కవాడికి తెలియదు. పెద్ద పౌచ్ సుమారు ఒక గ్రాము, మినీ అరగ్రాము, స్లిమ్ అంటే సన్నగా పొడుగ్గా చిగురు వెంబడి పడుకునేది. ఒరిజినల్‌లో పౌచ్ నింపాక మళ్లీ తడుపుతారు, అందుకే రుచి త్వరగా దిగుతుంది, రసం కూడా కారుతుంది. వైట్‌లో ఆ తడి ఉండదు, నెమ్మదిగా పని చేస్తుంది. ఇవన్నీ వాడేవాడి సుఖం కోసం మీరు ఆలోచించి చేసినవే.

అయితే ఆ పౌచ్ గుడ్డ దగ్గరికి వచ్చేసరికి మీరు మాట్లాడరు. టీ బ్యాగ్‌లాంటి ఆ నేయని గుడ్డలో ఉన్నది ఏ పీచు, దాన్ని పట్టి ఉంచే బైండర్ ఏమిటి, అతుకు వేడితో వేశారా, దాని వెడల్పెంత? లోపలి పదార్థాల జాబితా ఉంటుంది: పొగాకు, నీళ్లు, ఉప్పు, తేమ నిలిపే గ్లిసరాల్ లేదా ప్రొపిలీన్ గ్లైకాల్, సువాసనలు. చిగురుకి తాకేది మాత్రం పొగాకు కాదు, ఆ గుడ్డ. రోజులో గంటల తరబడి ఒకే చోట ఆనుకుని ఉండేది అదే. ఈ మధ్య ఏ కంపెనీ ప్రకటన చూసినా కొత్త ఫ్లేవర్, ఎక్కువ నికోటిన్. అతుకు మెత్తన చేశాం, అంచు గుండ్రంగా కత్తిరించాం అని ఎవరూ చెప్పుకోరు. మీ పోటీ ఆ వైపు తిరగాలి. నికోటిన్ పెంచడానికి ఇంజనీరింగ్ అక్కర్లేదు. గీరుకోని అతుకు వేయడానికి కావాలి.

చిగుళ్ల సంగతి వచ్చింది కాబట్టి దాచకుండా చెప్పాలి. స్నూస్ పెట్టే చోట లోపలి పొర తెల్లబడి మడతలు పడుతుంది. మానేస్తే అది చాలావరకు మామూలవుతుంది. కానీ చిగురు కిందికో పైకో జారి పంటి వేరు బయటపడితే అది మళ్లీ తనంత తాను పెరగదు. నికోటిన్‌కి బానిసవడం సరేసరి. గర్భిణులు వాడితే నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం, బిడ్డ కడుపులోనే చనిపోయే ప్రమాదం పెరుగుతాయని స్వీడన్‌లో జరిగిన పరిశోధనలే చెప్పాయి. మెత్తటి పౌచ్ అడుగుతున్నానంటే అందరూ వాడాలని కాదు. ఇప్పటికే వాడుతున్నవాళ్ల నోరు పుండు కాకూడదని.

నాణ్యత విషయంలో మీకున్న పేరు చిన్నది కాదు. 1971 నుంచి ఇక్కడ స్నూస్ ఆహార చట్టం కిందికి వస్తుంది, ఆహార సంస్థ లివ్స్‌మెడెల్స్‌వెర్కెట్ దాన్ని చూస్తుంది. క్యాన్సర్ కారకాలైన నైట్రోసమైన్లకు గోథియాటెక్ అనే ప్రమాణంలో హద్దులు పెట్టారు. వాటిలో ముఖ్యమైన ఎన్‌ఎన్‌ఎన్, ఎన్‌ఎన్‌కే రెండూ కలిపి కిలోకి 0.95 మిల్లీగ్రాములు మించకూడదు. యూరప్‌లో 1992లోనే నోటి పొగాకు అమ్మకాన్ని నిషేధించారు. 1995లో యూరోపియన్ యూనియన్‌లో చేరేటప్పుడు స్వీడన్ ఒక్కటే మినహాయింపు తెచ్చుకుంది. 2019లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, సిగరెట్లకు బదులు పూర్తిగా దీనికి మారితే నోటి క్యాన్సర్, ఊపిరితిత్తుల క్యాన్సర్, గుండెజబ్బు లాంటివాటి ముప్పు తక్కువని ఎనిమిది జెనరల్ స్నూస్ రకాలకు చెప్పుకునే అనుమతి ఇచ్చింది. ఈ మంచి మాటలన్నీ ఒక పద్ధతిలో తయారై, ఒక పద్ధతిలో నిల్వ ఉన్న సరుకు గురించి. గోరువెచ్చటి కౌంటర్ మీద నెలల తరబడి కూర్చున్న డబ్బాకు కూడా అవే మాటలు వర్తిస్తాయని అనుకోమంటే ఎలా? సగటు విలువలు చూపించడంతో ఆగకండి. డబ్బా అడుగున క్యూఆర్ కోడ్ పెట్టండి. ఫోన్‌తో చూస్తే ఆ బ్యాచ్ ఏ రోజు తయారైంది, తేమ ఎంత, పీహెచ్ ఎంత, నైట్రోసమైన్లు ఎంత అన్నది కనిపించాలి. ఆ లెక్కలు మీ ల్యాబ్‌లో ఎలాగూ ఉంటాయి.

దీనికి మా ఊళ్లతో ఒక సంబంధం ఉంది, అందుకే ఇంత గట్టిగా అడుగుతున్నాను. 2016-17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం భారతదేశంలో పెద్దవాళ్లలో 21.4 శాతం మంది నమలడం, పెట్టుకోవడం లాంటి పొగలేని పొగాకు వాడుతున్నారు. ఆంధ్ర, తెలంగాణ పాన్‌షాపుల్లో ఖైనీని కూడా చిన్న పౌచ్‌ల్లో నింపి అమ్ముతున్నారు, చూడ్డానికి అచ్చం మీ పోర్షన్‌లానే ఉంటుంది. లోపల ఉన్నది వేరు. సున్నం కలిపిన పొగాకు అది, మీరు పెట్టుకున్నలాంటి హద్దులు దానికి లేవు. గుట్కా అయితే వక్క కూడా కలుస్తుంది, నోరు తెరుచుకోకుండా బిగుసుకుపోయే జబ్బు దాని వల్లే వస్తుంది. సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు ఒక స్నేహితుడు తన ఖైనీ పౌచ్ చూపించి "మీ స్వీడన్‌లో ఇది సేఫ్ అన్నారట కదరా" అన్నాడు. స్వీడన్ పేరు అక్కడ ఇలా వాడకంలోకి వస్తోంది. మీ సరుకు ఎందుకు వేరో డబ్బా మీదే తేదీతో, అంకెలతో కనబడితే, అవేవీ లేని పౌచ్‌ని మీదాని పక్కన నిలబెట్టి మాట్లాడడం కష్టమవుతుంది.

ఇంకొక్కటి, మూత గురించి. మూత పైన వాడిన పౌచ్‌లు వేసుకునే చిన్న అర ఉండడం చాలా మంచి ఏర్పాటు, రోడ్డు మీద పారేసే పని తప్పుతుంది. కానీ ఆ అర పసిపిల్లాడి గోరుకి కూడా తెరుచుకుంటుంది. పుదీనా వాసన వచ్చే తెల్లటి మినీ పౌచ్ నేల మీద కనిపిస్తే రెండేళ్ల పిల్లలు నోట్లో పెట్టుకోకుండా ఉంటారా? వాడి తీసేసిన పౌచ్‌లో కూడా నికోటిన్ చాలా మిగిలే ఉంటుంది. మందు సీసాల మూతల్లా నొక్కి తిప్పితేనే తెరుచుకునేలా చేయండి. తేమ బయటికి పోకుండా కూడా అదే పనికొస్తుంది.

ఇక్కడి మావాళ్లకు కూడా రెండు ముక్కలు. డబ్బా కొనేటప్పుడు చేత్తో పట్టుకుని చూడండి, చల్లగా లేకపోతే వద్దని చెప్పండి. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకోండి, పిల్లలకు అందని అరలో. ఎక్కువ రోజులు దాచాలంటే ఫ్రీజర్‌లో పెట్టవచ్చు, తీశాక గది వేడికి రానిచ్చి వాడండి. పౌచ్ పెట్టే వైపు మార్చుతూ ఉండండి, ఒకే చోట చిగురుని నలిపేయకండి. పిల్లలు పొరపాటున మింగితే ఆలోచిస్తూ కూర్చోకుండా 112కి ఫోన్ చేయండి. మే నెలలో హైదరాబాద్ వెళ్తూ సూట్‌కేసులో రోల్స్ పెట్టుకెళ్లి, పొగాకు అలవాటే లేని తమ్ముళ్లకు, బావమరుదులకు పంచిపెట్టడం మాత్రం దయచేసి మానండి. సిగరెట్ మానడానికి మనం పట్టుకున్నదాన్ని, సిగరెట్టే ముట్టని పిల్లలకు కానుకగా ఇవ్వకూడదు.

కంపెనీల వారూ, తయారీ తేదీ ముద్రించడానికి మీకు కొత్త యంత్రం అవసరం లేదు. గడువు తేదీ వేస్తున్న చోటే ఇంకో వరస అచ్చు వేస్తే చాలు. కుదరదంటే ఎందుకు కుదరదో చెప్పండి. కుదిరితే ఏ నెల నుంచి మొదలుపెడతారో చెప్పండి. పౌచ్ గుడ్డ, బైండర్ వివరాలు, ఫ్రిజ్ లేని దుకాణాలకు సరఫరా ఆపుతారా లేదా అన్నది కూడా అదే జవాబులో రాయండి. మీ జవాబు ఏదైనా, ఉన్నది ఉన్నట్టు తెలుగులో అందరికీ అందజేస్తాను.

ఇట్లు,
గోథెన్‌బర్గ్ నుంచి
మీ వినియోగదారుడు